కట్టడము నుండి కుర్చీ దాకా

యాత్రకు పోయినవారు తిరిగి వచ్చునప్పుడు ఏదో ఒక వస్తువు చేతబట్టుకొని రావడం మనలో చిరకాలంగా ఉన్న ఆచారం. తిరుపతి నుండి లడ్డూ, అజ్మీరు నుండి తబర్రుక్, ఢిల్లీ నుండి కుతుబ్ మీనార్ బొమ్మ. గడచిన శీతకాలంలో మా చరిత్రోపన్యాసకుల వెంట ఉత్తరదేశ యాత్రకు వెళ్ళిన మేము అయిదుగురు విద్యార్థులం చండీగఢ్ నుండి తెచ్చినది మాత్రం మురుగు కాలువ మూత!

నిజమైన మూత కాదు. ఆ నగర వీధుల్లోని పోతయినుప మూతలమీద నగర పటమే ముద్రింపబడి ఉంటుంది. దీర్ఘచతురస్రాలుగా తీర్చిన సెక్టార్లు, వాటి నడుమ వీధులు అన్నీ ఆ గుండ్రని ఇనుములో ఒదిగి ఉంటాయి. దానికి చిన్న నకళ్ళు తీసి, చాయ్ కప్పుల క్రింద పెట్టుకొనే పలకలుగా అమ్ముతుంటే నాలుగు కొన్నాము. మాలో ఒకరి దాదీమా వాటిని అటూ ఇటూ త్రిప్పి చూచి, “ఇంత దూరం పోయి మోరీ మూత కొనుక్కొచ్చినార్రా బేటా!” అన్నారు. ఆ మాటకు నవ్వితిమే గాని, ఆ ప్రశ్న మాత్రం మమ్ము వదలలేదు. ఒక కట్టడం బల్లమీది వస్తువుగా మారినప్పుడు దానిలో ఏమి మిగులుతుంది?

1947 విభజనలో లాహోరు పాకిస్తానుకు పోగా, మన పంజాబుకు రాజధాని లేకపోయింది. ఆ లోటు తీర్చుటకు పుట్టిన నగరం చండీగఢ్. లె కార్బూజియే 1951లో ఆ బాధ్యత చేపట్టాడు. ఆయన బంధువైన పియేర్ జన్నరే అక్కడనే నివసించి పనులు నడిపించాడు. జన్నరే 1967లో జెనీవాలో మరణించగా, ఆయన అస్థికలను చండీగఢ్‌లోని సుఖ్నా సరస్సులో కలిపారు. ఊరిని కట్టి ఊరి నీటిలో కలిసిన మనిషి అని మా ఉపన్యాసకులు చెప్పినప్పుడు మేము కొంతసేపు మాటలాడలేదు.

శాసనసభా భవనం పైన ఒక బ్రహ్మాండమైన గోపురం కలదు. నడుము సన్నగిల్లి పైకి పోయిన ఆకారం. దానిని చూడగానే మాలో పాల్వంచవాడు, “ఇది మా కరెంటు ఫ్యాక్టరీ గోపురం గదా!” అని కేక వేశాడు. వాడన్నది తప్పు కాదు. విద్యుత్కేంద్రపు శీతల గోపురాల రూపాన్నే కార్బూజియే సభామందిరానికి తీసుకొన్నాడు. పాల్వంచలో వాడు చిన్ననాటి నుండి చూచిన ఎనిమిది పాత గోపురాలను 2024లో కూల్చివేశారు. ఒకచోట నేలకూలిన ఆకారమే మరొకచోట 2016 నుండి యునెస్కో వారి ప్రపంచ వారసత్వ సంపద. వాడు అక్కడినుండి కదలడానికి చాలా సేపు పట్టింది.

ఇట్టి కట్టడాలు కానుక వస్తువులుగా సులభంగా మారుటకు కారణం వాటి నిరాడంబరత్వమే అని మాకు తోచింది. చార్మినారును చిన్నది చేస్తే దాని నగిషీ అంతా నలిగిపోతుంది, అది అల్మారా మీది బొమ్మగానే మిగిలిపోతుంది. గీతలు తక్కువైన ఆధునిక కట్టడమైతే దీపపు చిమ్నీగానో, పుస్తకాలు ఒరగకుండా ఆపే దిమ్మగానో, గోడ గడియారంగానో పనికి వస్తుంది. అయితే పోయేదీ కలదు. హైకోర్టు ముందరి లోతైన కాంక్రీటు చట్రాలు అలంకారానికి పెట్టినవి కావు, ఎండను ఆపుటకు పెట్టినవి. వాటి నీడలో నిలిచినవానికి గాని ఆ లోతు అర్థం కాదు. 1985లో నిలిపిన ‘తెరచిన హస్తం’ 26 మీటర్ల ఎత్తున గాలికి తిరుగుతుంది. మేము చూచిన కాగితాల బరువుమీది హస్తం తిరుగదు. చేయెత్తి నిలిచిన కార్బూజియే కొలమానపు మనిషి బొమ్మ కూడా అక్కడ కానుకలమీద కనిపిస్తుంది. ఆతని నిలువు 1.83 మీటర్లు. మా అయిదుగురిలో అంత పొడుగువాడు ఒక్కడూ లేడు.

అన్నింటికంటె మమ్ము కదిలించినది కుర్చీల కథ. కచేరీలకు, కళాశాలలకు, గ్రంథాలయాలకు కావలసిన కుర్చీలను జన్నరే, యూలీ చౌదరి మున్నగువారు రూపొందించగా, స్థానిక వడ్రంగులు టేకుతో చేసి బెత్తంతో అల్లారు. తలక్రిందులైన ‘వి’ అక్షరం వంటి కాళ్ళు వాటి గుర్తు. కాలం గడిచి బెత్తం తెగగానే వాటిని మేడలమీద గుట్టలు పోసి, తుక్కు క్రింద వేలం వేశారు. విదేశీ వర్తకులు కొని, బాగుచేసి, పారిస్‌లోను, న్యూయార్కులోను లక్షల రూపాయలకు అమ్మారు. వీపుమీద తెల్లరంగుతో వ్రాసిన కచేరీ పేరు చెరగకుండా ఉంటే వెల ఇంకా ఎక్కువట! 2011లో కేంద్ర హోంశాఖ ఆ అమ్మకాలను నిషేధించింది. నేడు వాటి నకళ్ళు దేశదేశాల ఇళ్ళలో కనిపిస్తున్నాయి. నకలును మేము తప్పుపట్టము. ఆ కుర్చీలు మొదటినుండి పలువురు వడ్రంగుల చేతిలో రకరకాలుగా తయారైనవే. తన ఇంట ఉన్నదానిని తుక్కని తూచి, పరాయివాడు వెలకట్టిన తరువాత కళ్ళు తెరవడమే మాకు బాధ కలిగించింది.

తిరిగి వచ్చిన వారానికి మా కళాశాల ప్రకటన పలకమీద ఒక కాగితం కనబడింది. ప్రయోగశాల ప్రక్క గదిలోని పాత కుర్చీలను తూకానికి అమ్మెదరని. పోయి చూస్తే, టేకు కుర్చీలే! బెత్తం తెగి, దుమ్ము కొట్టుకొని ఉన్నాయి. వీపుమీద తెల్లరంగుతో ఉర్దూలో సంఖ్యలు. ఉర్దూ విభాగపు మిత్రుడు వాటిని చదివి, “మీ కుర్చీ, మా కుర్సీ ఒకటే గదా, అమ్మితే ఇద్దరిదీ పోతుంది” అన్నాడు. ఇవి ఏ ప్రసిద్ధుడూ గీసినవి కావు, లక్షలు పలికేవీ కావు. అయినా వీటిమీద కూర్చుని మాలో ఇద్దరి తండ్రులు చదువుకున్నారు.

కమిటీ పెద్దలకు అర్జీ పెట్టుకొన్నాము. వారు దయతో అమ్మకం ఆపి, ఆరు కుర్చీలు మా చేతికిచ్చి, బాగుచేసి చూపుటకు వేసవి సెలవుల దాకా గడువిచ్చారు. పాతబస్తీలో ఒక వృద్ధ పనివాని పట్టుకొన్నాము. బెత్తాన్ని నీట నానబెట్టి అల్లవలెననీ, ఆరిన కొద్దీ అది బిగుస్తుందనీ ఆయన చేసి చూపించారు. మాకు ముందు వ్రేళ్ళు కోసుకొన్నవి, తరువాత అల్లిక వచ్చింది.

ఈ సంచిక అచ్చుకు పోవునాటికి రెండు కుర్చీలు పూర్తియై గ్రంథాలయంలో కిటికీ ప్రక్కన ఉన్నవి. తెల్లరంగు సంఖ్యలను చెరపలేదు. మిగిలిన నాలుగింటికి బెత్తం కొనవలసి ఉన్నది. గదిలో ఇంకా ముప్పదికి పైగా కలవు.