బడిని చూచి ఇల్లు

నివాసమునకు తగిన యూరిని ఎంచుకొనుట ఎట్లో మన పెద్దలు ఏనాడో ఆలోచించిరి. అవసరమునకు అప్పు పుట్టుట, వ్యాధికి వైద్యుడు దొరకుట, ఎండిపోని నీరుండుట మొదలైన సౌకర్యములు గల యూరనే కాపుర ముండవలెనని సుమతీ శతకకారుడు బోధించెను. నేటి గృహస్థు ఆ పట్టికకు మఱియొక సౌకర్యమును చేర్చినాడు. అది బడి. చేర్చుట మాత్రమే కాదు, దానిని అన్నిటికంటె ముందు నిలిపినాడు. బిడ్డల చదువు కొఱకు పొలమును కౌలున కిచ్చి, పట్టణములో రెండు గదుల వాటా అద్దెకు తీసికొని కాపురము పెట్టిన కుటుంబములు తెలుగునాట ఎన్నియో కలవు.

చీనాదేశములో మెన్షియసు అను తత్త్వవేత్త తల్లిని గూర్చి యొక కథ చెప్పుదురు. ఆమె మొదట శ్మశానము చెంత నివసించెను. బాలుడు శవసంస్కారములను అనుకరించి ఆడుకొన మొదలిడెను. ఆమె అంగడి వీథికి మాఱెను. బాలుడు వర్తకుల బేరములను అనుకరించెను. మూడవ పర్యాయ మామె పాఠశాల ప్రక్కకు మాఱెను. అప్పుడు బాలునికి మర్యాదయు, చదువును అలవడెను. ఆ తల్లికి బడి కంటికి కనబడెను. దాని ప్రక్క ఇల్లు చూచుకొనిన చాలెను. కంటికి కనబడని గీత యొకటి బిడ్డల బడిని నిర్ణయించు దేశము నేడు కలదు. అది అమెరికా. అచటికి పోయి స్థిరపడిన తెలుగువారు ఇల్లు కొనబోవునపుడు ఆ గీతను గూర్చియే ముందుగా విచారింతురు.

అమెరికా రాజ్యాంగములో విద్య యను మాటయే లేదు. విద్య రాష్ట్రముల బాధ్యత. రాష్ట్రములు ఆ భారమును చాలవఱకు స్థానిక విద్యామండలములకు అప్పగించినవి. అట్టి మండలములు ఆ దేశమున సుమారు 13 వేలు కలవు. ప్రభుత్వ పాఠశాలలలో జీతము కట్టనక్కఱలేదు. ఐనను ఏ బిడ్డ ఏ బడికి పోవలెనో సాధారణముగా ఆ బిడ్డ యింటి చిరునామా నిర్ణయించును. మండలమునకు ఒక హద్దు. ఆ మండలములోపల ఒక్కొక్క బడికి మరల ఒక్కొక్క హద్దు. వీథికి ఈవలి యిల్లు ఒక బడికి, ఆవలి యిల్లు వేఱొక బడికి చెందవచ్చును.

ఈ బడుల వ్యయములో కేంద్రప్రభుత్వము భరించునది సుమారు పదియవ వంతు. తక్కినదానిని రాష్ట్రమును, స్థానిక మండలమును భరించును. స్థానిక ధనమునకు ముఖ్యాధారము ఇండ్లమీదను, స్థలములమీదను విధించు పన్ను. ఇండ్ల వెల హెచ్చుగా నున్నచోట పన్ను రాబడి హెచ్చును. రాబడి హెచ్చినచోట బడికి వసతులు హెచ్చును. బడికి మంచి పేరు వచ్చినచో ఇండ్ల వెల మరల పెరుగును. 1999లో సాండ్రా బ్లాక్ అను ఆర్థికశాస్త్రజ్ఞురాలు మసాచుసెట్సు రాష్ట్రములో బడుల హద్దుగీతలకు ఇరువైపుల నున్న యిండ్ల వెలలను పోల్చి చూచెను. పరీక్షలలో 5 శాతము హెచ్చు మార్కులు వచ్చు బడివైపు ఇంటికి జనులు సుమారు 2.5 శాతము హెచ్చు వెల యిచ్చుచున్నారని ఆమె తేల్చెను. గాలి యదియే, నీరదియే, వీథియు నదియే. వెలలో తేడా గీతవలన వచ్చినది.

టెక్సాసు రాష్ట్రములో డల్లాసు నగరమునకు ఉత్తరమున ప్లేనో, ఫ్రిస్కో మొదలైన యూళ్ళు కలవు. తెలుగు కుటుంబములు అచట విస్తారముగా నివసించుచున్నవి. ఫ్రిస్కో జనసంఖ్య 2000 సంవత్సరమున 34 వేలకు లోపు. 2020 నాటికి అది 2 లక్షలు దాటెను. ఊరి హద్దును, విద్యామండలపు హద్దును ఒకటి కావు. ఫ్రిస్కో అను పేరు చిరునామాలో నున్నను ఆ యిల్లు పొరుగు మండలమునకు చెందవచ్చును. ఈ సంగతి తెలియక ఊరి పేరు చూచి తొందరపడువారికి చిక్కు తప్పదు.

ఆ ప్రాంతమున ఒక తెలుగు కుటుంబము కొన్ని యేండ్ల క్రిందట ఇల్లు కొన సంకల్పించెను. భార్యాభర్త లిరువురును కంప్యూటరు ఉద్యోగులు. వారికి ఎనిమిదేండ్ల కూతురును, అయిదేండ్ల కుమారుడును కలరు. భర్త తల్లి కృష్ణాతీరమునందలి పల్లెనుండి వచ్చి వారితో నుండెను. భర్త శ్రద్ధగా ఒక పట్టికను సిద్ధము చేసెను. ఇంటి వెల, ఏటి పన్ను, బడి పేరు, ఆ బడికి రాష్ట్రప్రభుత్వము వేసిన గుర్తు అందులో వరుసగా నుండెను. ఆ రాష్ట్రము ప్రతి బడికిని ఏ మొదలు ఎఫ్ వఱకు గుర్తులు వేయును. టెక్సాసులో రాష్ట్రమునకు ఆదాయపు పన్ను లేదు. కావున ఇంటిపన్ను బరువు. అందు పెద్దభాగము బడులకే చెల్లును.

పట్టికలో తుదకు రెండిండ్లు మిగిలినవి. మొదటిది క్రొత్తది, విశాలమైనది. ‘ఏ’ గుర్తు గల బడి హద్దులోనిది. దానిని కొనినచో అప్పు వాయిదాలకు ఇరువురి జీతములును చాలీచాలక సరిపోవును. భర్త కార్యాలయమునకు పోయివచ్చుటకు దినమునకు రెండున్నర గంటలు పట్టును. రెండవది నలువదేండ్ల నాటి చిన్న యిల్లు. దాని బడికి ‘బి’ గుర్తు. ఆ బడి పది నిమిషముల నడక దూరములో కలదు. కార్యాలయము దగ్గఱ. వెల మొదటిదానిలో మూడింట రెండు వంతులు.

“బిడ్డల చదువు విషయములో లోభింపరాదు. కష్టమైనను మొదటి యిల్లే కొందము” అని భర్త పలికెను.

“ధనమునకు లోభింపక పోవచ్చును. కాని యా ధనమును తెచ్చుటకై బిడ్డల యెదుట గడపవలసిన కాలమునకు లోభింపవలసి వచ్చును గదా! మీరు ఇల్లు చేరునప్పటికి వారు నిద్రించుచుందురు” అని భార్య బదులు చెప్పెను.

వృద్ధురాలు ఇరువురి మాటలును వినుచుండెను. “నాయనా, ఈ గుర్తులు దేనిని చూచి వేయుదురు?” అని యడిగెను.

“పిల్లలు పరీక్షలు వ్రాసిన తీరును, ఏటేట వారు సాధించిన అభివృద్ధిని చూచి వేయుదురమ్మా.”

“అట్లయిన పిల్లల మార్కులనే బడికి తగిలించిరన్నమాట. బడిలోనికి పోయి పంతుళ్ళను చూచి వేసినది కాదు గదా! ఆ పని మనము చేయుదము. పెండ్లిచూపులకు జాతకముతో సరిపెట్టుకొందుమా?”

వృద్ధురాలి ప్రశ్న సామాన్యమైనది కాదు. 1966లో జేమ్సు కోల్మన్ అను సామాజికశాస్త్రజ్ఞుడు ప్రభుత్వము కొఱకు అమెరికా పాఠశాలలను పరిశీలించి పెద్ద నివేదికను వెలువరించెను. బిడ్డల ఫలితములలోని తేడాలకు వారి యింటి పరిస్థితులే బలమైన కారణమని అందు తేలెను. కావున బడికి వచ్చిన మంచి గుర్తులో బడి పాలెంతో, ఆ బడికి వచ్చు బిడ్డల యిండ్ల పాలెంతో విడదీసి చెప్పుట కష్టము. అంతమాత్రమున చోటు మాఱుట వ్యర్థ మని తలపరాదు. 1994 మొదలుకొని అమెరికాలోని అయిదు మహానగరములలో నిరుపేద వాడలయందలి కొన్ని కుటుంబములకు చీట్లు తీసి, మెఱుగైన వాడలకు మాఱుటకై ప్రభుత్వము సాయపడెను. రాజ్ చెట్టి యను ఆర్థికశాస్త్రజ్ఞుడును, అతని సహచరులును ఆ బిడ్డలు పెరిగి పెద్దవారైన పిమ్మట వారి సంపాదనలను పరిశీలించి 2015లో ఫలితములను ప్రకటించిరి. 13 ఏండ్లు నిండకముందే మాఱిన బిడ్డలు ఇరువదియైదేండ్ల ప్రాయమునాటికి ఇతరులకంటె సుమారు 31 శాతము హెచ్చుగా ఆర్జించుచుండిరి. ఆ వయసు దాటి మాఱినవారికి అట్టి మేలు కలుగలేదు. పరిసరము బిడ్డను తీర్చును. అందులో గడపిన ప్రతి యేడును లెక్కకు వచ్చును.

దంపతులు ముందుగా అనుమతి పొంది రెండు బడులను చూచివచ్చిరి. మొదటి బడి భవనము ఘనమైనది. బహుమతి పాత్రలు అద్దముల వెనుక మెఱయుచుండెను. కాని పిల్లల సంఖ్య మిక్కుటమై, వెనుక దొడ్డిలో తాత్కాలికపు గదులు వేసి తరగతులు నడపుచుండిరి. రెండవ బడి భవనము పాతది. భార్య రెండు చోట్లను నాలుగు ప్రశ్నలే యడిగెను: పోయిన యేడు ఎందఱు ఉపాధ్యాయులు విడిచిపోయిరి? వెనుకబడిన బిడ్డను ఎప్పుడు గుర్తింతురు? గుర్తించినపిమ్మట ఏమి చేయుదురు? క్రొత్తగా చేరిన బిడ్డ మొదటి దినమున ఎవరి ప్రక్కన కూర్చుండును? మొదటి బడిలో సమాధానములు మర్యాదగా వచ్చినవి, అచ్చుకాగితములును ఇచ్చిరి. రెండవ బడిలో ప్రధానోపాధ్యాయురాలు వారిని నేరుగా తరగతిలోనికి తీసికొనిపోయెను. ఇంగ్లీషు అంతగా రాని యిద్దఱు బిడ్డలకు ఒక ఉపాధ్యాయిని విడిగా కూర్చుండి చదువు చెప్పుచుండెను. గ్రంథాలయములో పుస్తకముల యంచులు నలిగి యుండెను. వృద్ధురాలికి ఇంటికి వచ్చిన పిమ్మట ఆ సంగతి చెప్పగా, “నలిగిన పుస్తకమున్న బడి మంచిదే” అని యామె యనెను.

వారు రెండవ యిల్లు కొనిరి. దానివలన సర్వము సుఖాంతమైనదని చెప్పరాదు. కూతురు అయిదవ తరగతికి వచ్చునప్పటికి, పేరుపొందిన బడులలో చదువు తోడి బాలికలకంటె గణితములో వెనుకబడినట్లు తేలెను. తండ్రి ఏడాదిపాటు ప్రతి సాయంకాలమును ఆమెతో కూర్చుండి లెక్కలు చేయించెను. సాయంకాలమున ఇంట నుండుటకు అతనికి తీరిక కలదు గనుక అది సాధ్యమైనది. వారి మిత్రులొకరు ‘ఏ’ గుర్తు గల బడి హద్దులో పెద్ద యప్పుచేసి ఇల్లు కొనిరి. బడిలో చోటు చాలనందున రెండేండ్లలో హద్దులు తిరిగి గీసిరి. ఆ మిత్రుల బిడ్డలకు వేఱొక బడి వచ్చెను. గీత మాఱెను; అప్పు మాఱలేదు. ఇట్టి మార్పులు అరుదు కావు. పిల్లల సంఖ్య తగ్గినందున ప్లేనో విద్యామండలము 2024లో నాలుగు పాఠశాలలను మూయుటకు నిశ్చయించెను. ఇల్లు ముప్పదేండ్ల అప్పుతో కొనునది. బడి హద్దు ఏ యేటికాయేడు మాఱగలది.

ఈ కుటుంబములకు ఎంచుకొను శక్తి యుండెను. ఆ శక్తి లేనివాని సంగతి యేమి? అదే టెక్సాసు రాష్ట్రములో శాన్ ఆంటోనియో నగరమున ఎడ్జ్‌వుడ్ అను పేదమండలము కలదు. అచటివారిలో పెక్కుమంది మెక్సికో సంతతివారు. 1968 మే నెలలో ఎడ్జ్‌వుడ్ విద్యార్థులు బడి దుస్థితిని సహింపలేక తరగతులు విడిచి బయటికి నడచిరి. ఆ యేడే అచటి తల్లిదండ్రులు న్యాయస్థానమున కెక్కిరి. వారిలో ముందు నిలిచినవాడు డెమెట్రియో రోడ్రిగెజ్. అతడు వైమానిక స్థావరములో రేకుపని చేయు శ్రామికుడు.

న్యాయస్థానమున బయటపడిన లెక్కలివి. 1967–68లో ఎడ్జ్‌వుడ్ ప్రజలు ప్రతి 100 డాలర్ల ఆస్తికి 1.05 డాలరు పన్ను చెల్లించిరి. రాష్ట్ర పథకమునకు ఈయవలసిన వాటా పోగా, ఒక్కొక్క విద్యార్థికి దక్కినది 26 డాలర్లు. అదే నగరములోని అలమో హైట్స్ అను సంపన్న మండలమువారు 0.85 డాలరే చెల్లించిరి. వారి బిడ్డకు దక్కినది 333 డాలర్లు. హెచ్చు పన్ను కట్టినవానికి తక్కువ ఫలము! ఐనను 1973లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురిగా చీలి, రోడ్రిగెజ్ వాదమును త్రోసిపుచ్చెను. విద్య ఆ దేశ రాజ్యాంగము హామీ యిచ్చిన మౌలికహక్కు కాదని తీర్పు వెలువడెను. పోరాటము ఆగలేదు. 1989లో టెక్సాసు రాష్ట్రపు సుప్రీంకోర్టు తమ రాష్ట్ర రాజ్యాంగము ననుసరించి ఆ పద్ధతి చెల్లదని ఏకగ్రీవముగా పలికెను. 1993లో సంపన్న మండలముల రాబడిలో కొంత పేదమండలములకు పంచు చట్టము వచ్చెను. జనులు దానికి రాబిన్ హుడ్ అని పేరు పెట్టిరి. అప్పటికి రోడ్రిగెజ్ బిడ్డలు పెరిగి పెద్దవారైరి. అతడు ఇల్లు మార్చలేదు. బడిని మార్చుటకై పోరాడెను. ఆ ఫలము పరుల బిడ్డలకు దక్కెను.

మన దేశములోను ఈ విచారము క్రొత్తది కాదు. 1964–66 నాటి కొఠారీ కమిషన్, ఒక వాడలోని బిడ్డలందఱును కుల ధన భేదములు లేక ఒకే బడిలో చదువవలెనని సూచించెను. సంపన్నుని బిడ్డయు అదే బడికి వచ్చినచో ఆ బడి బాగోగులు ఊరివారందఱి కంటబడునని దాని యాశయము. 2009లో చేసిన విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చెను. దాని కేంద్ర నియమములు అయిదవ తరగతి వఱకు 1 కిలోమీటరు లోపలను, ఎనిమిదవ తరగతి వఱకు 3 కిలోమీటర్ల లోపలను బడి యుండవలెనని చెప్పినవి. దూరమును చట్టము కొలువగలదు. ఆ బడిలో పుస్తకములు నలుగునట్లు చూచుట ఉపాధ్యాయులును, తల్లిదండ్రులును, చదువుకొను బాలబాలికలును కలిసి చేయవలసిన పని.

బిడ్డల మేలుకోరి మంచి బడి చెంతకు కాపురము మార్చుట తప్పు కాదు. మార్చుటకు ముందు ఆ బడి గడప త్రొక్కి చూడవలెను. ఇంటి వెలతోపాటు ఇంటిలో గడపు కాలమునుగూడ లెక్క కట్టవలెను. మార్చిన పిమ్మట, విడిచివచ్చిన వాడలో ఇంకను చదువుకొనుచున్న బిడ్డలను మఱవకుండవలెను.