ఏడు నిమిషాల కంప్యూటరు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు మొదట కవిత ఇద్దామనుకున్నాం. మా ముగ్గురికీ కవిత రాదు. అందుకని మన స్టడీ హాల్లోని కంప్యూటరు సంగతి రాస్తున్నాం. అది ఇప్పుడు బాగానే నడుస్తోంది కాబట్టి దాని వెనక కథ కొత్తగా చేరినవాళ్లకు తెలియదు. పాతవాళ్లకు తెలిసిందీ సగమే.

మేమంటే పదకొండో నంబరు గది. ముగ్గురమూ అప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్సు. ఒకరిది పలాస దగ్గర ఊరు, అమ్మ జీడిపిక్కల పనికి వెళ్తుంది. ఒకరిది ఇచ్ఛాపురం వైపు. ఇంకొకరిది రాజాం దగ్గర. 2022 ఏప్రిల్లో జిల్లాలు మార్చినప్పుడు రాత్రికి రాత్రి శ్రీకాకుళం వాడు కాస్తా విజయనగరం వాడైపోయాడని ఇప్పటికీ ఏడిపిస్తాం. మూడిళ్లలోనూ డిగ్రీ పట్టా చూసింది మాతోనే మొదలు. కంప్యూటరు విప్పి చూసిన అనుభవం మాత్రం ఒక్కరికీ లేదు.

2025 మొదట్లో డి.ఎస్.సి. వస్తుందని గట్టిగా వినబడుతోంది. ఊళ్లో గది తీసుకుని దానికి చదువుతున్న మన పాత విద్యార్థులు నలుగురు ఉండేవారు. పాఠాలన్నీ నోటికి వచ్చు. పరీక్ష మాత్రం కంప్యూటరు మీద. రెండున్నర గంటలు మౌసు పట్టుకుని కూర్చున్న అలవాటు లేదు. నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి ఎన్నాళ్లు సాధన చేస్తారు? ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులు తలాకొంత వేసి 27 వేలు పోగుచేశారు. పాత మానిటరు ఒకటి ఒక అన్న ఇచ్చారు. రెడీమేడ్ కొంటే డబ్బు చాలదు, భాగాలు కొని మేమే బిగిస్తామన్నాం. యూట్యూబులో చూశాం కదా, అదీ మా ధైర్యం.

ఏప్రిల్ 13 రాత్రి మా గదిలో నేల మీద దుప్పటి పరిచి, క్యాబినెట్‌ను దాని మీద పడుకోబెట్టి బిగించాం. మదర్‌బోర్డు, ఐ3 ప్రాసెసరు, దాని మీద ఫ్యాను, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డి. స్విచ్ వేయగానే తెర వెలిగింది. విండోస్ ఎక్కించాం, తెలుగు ఫాంట్లు పెట్టాం, అర్ధరాత్రి దాకా పాటలు కూడా విన్నాం. ఒక్కసారి ఆగలేదు.

మర్నాడు అంబేద్కర్ జయంతి. స్టడీ హాల్లో అంబేద్కర్ గారి ఫొటో కింద బల్ల మీద నిలబెట్టాం. వార్డెన్ గారు కొబ్బరికాయ కొట్టారు. మాలో ఒకడు మైకు పట్టుకుని 1927 మార్చి 20న మహద్ చెరువు దగ్గర అంబేద్కర్ గారు వేలమందితో కలిసి నీళ్లు ముట్టిన ఘట్టం చెప్పాడు. చప్పట్లు మోగుతుండగా కంప్యూటరు ఠక్కున ఆగిపోయింది. "కరెంటు, కరెంటు" అన్నాం. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఎవరూ పైకి చూడలేదు కాబట్టి బతికిపోయాం.

అది మొదలు. ఆన్ చేస్తే ఏడు నిమిషాలు, ఎనిమిది నిమిషాలు. మిట్టమధ్యాహ్నమైతే నాలుగే. హెచ్చరిక ఉండదు, నీలం తెర రాదు, దీపం ఆర్పినట్టు ఆగిపోతుంది. ప్లగ్గు మార్చాం. యూపీఎస్ తీసేసి నేరుగా పెట్టాం. ర్యామ్ ఊడదీసి రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాం. ఏదీ పనిచేయలేదు.

అప్పుడు మాకొక దోషి దొరికాడు. డిగ్రీ మొదటి సంవత్సరం తమ్ముడు ఒకడు. పేరు రాయము. జయంతి రోజు సాయంత్రం మొదట ఆ కుర్చీలో కూర్చున్నది వాడే, జేబులోంచి పెన్‌డ్రైవు తీసి పెట్టిందీ వాడే. ఇంకేం, వైరస్ అన్నాం. హాలంతా వింటుండగా అన్నాం. వాడు "నానేటీ సేయలేదన్నా" అన్నాడు. వాడి అమ్మానాన్నలు హైదరాబాదులో బిల్డింగు పనికి వెళ్లి అప్పటికి రెండేళ్లు. ఊళ్లో ఇంటికి తాళం. పండగ సెలవులకు కూడా హాస్టల్లోనే ఉండిపోయే కుర్రాడు. అవన్నీ మాకు తెలుసు. తెలిసే అన్నాం.

అంతటితో ఊరుకోలేదు. తెల్లకాగితం మీద స్కెచ్ పెన్నుతో లావుగా "ముట్టుకోరాదు" అని రాసి క్యాబినెట్‌కు అంటించాం. ఫొటోకు సరిగ్గా కిందుగా. వారంపాటు అటూ ఇటూ తిరిగాం, మాలో ఒక్కడికీ ఆ మాట కళ్లలో పడలేదు.

వైరస్ పోగొట్టాలని మళ్లీ విండోస్ ఎక్కించబోతే సగంలో ఆగిపోయింది. అప్పుడైనా ఆలోచించాల్సింది. విండోస్ లోపలికి వెళ్లకుండా బయాస్ తెర మీదే వదిలేసినా ఆగిపోతోందంటే వైరస్‌కు దానితో పనేముంది? ఆ బయాస్‌లోనే ప్రాసెసరు వేడి ఎంతో అంకె కనిపిస్తుంది. మేము ఆ పేజీ తెరవలేదు. వస్తువే మోసం అని తీర్మానించేశాం.

ఏప్రిల్ 20న డి.ఎస్.సి. నోటిఫికేషన్ వచ్చింది. 16,347 పోస్టులు, జూన్ 6 నుంచి పరీక్షలు. అన్నలు నలుగురూ సాయంత్రం వచ్చి ఆ కాగితం చూసి, ఏమీ అనకుండా నెట్ సెంటరుకు వెళ్లిపోయారు. మర్నాడే క్యాబినెట్‌ను దుప్పట్లో చుట్టి విశాఖపట్నం బస్సెక్కాం. ఎచ్చెర్ల, రణస్థలం, పూసపాటిరేగ, తగరపువలస. నూరు కిలోమీటర్లకు పైగా దారి పొడవునా కొట్టువాడితో ఎలా తగువు పెట్టుకోవాలో మాట్లాడుకున్నాం. అతను మా మాటలు విని, దాన్ని బల్ల మీద పడుకోబెట్టి, పక్క మూత తీసి ఆన్ చేశాడు. పది నిమిషాలు, అరగంట, గంట. ఆగదే! "బాగానే ఉంది బాబూ, మీ దగ్గర వోల్టేజీ చూసుకోండి" అన్నాడు. తలలు దించుకుని మళ్లీ బస్సెక్కాం. తెచ్చి నిలబెట్టి ఆన్ చేస్తే ఆరు నిమిషాలు.

రాత్రి పదయింది. మా ముగ్గురికీ కంచాల్లో అన్నం తీసి మూతపెట్టి ఉంచింది ఆ తమ్ముడే. మేము తింటుంటే గుమ్మం దగ్గర నిలబడి అడిగాడు.

"అన్నా, ఆ కొట్లో దీన్ని నిలబెట్టేరా, పడుకోబెట్టేరా?"

"పడుకోబెట్టేరు. ఏటి?"

"మీరు బిగించిన రాత్రి కూడా పడుకోబెట్టే ఉంచినారు కదన్నా. అప్పుడూ ఆగలేదు. నిలబెడితేనే ఆగిపోతంది."

ముగ్గురం ముఖాలు చూసుకున్నాం. చెయ్యి కడుక్కుని వచ్చి పక్క మూత తీశాం. ప్రాసెసరు మీద ఫ్యానుకు నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ కాళ్లు ఉంటాయి. ఒక్కొక్కటీ టక్కుమని బోర్డు అవతలికి దిగాలి. కింది రెండూ దిగాయి. పైవి రెండూ దిగినట్టు కనిపిస్తున్నాయి గానీ, వేలు పెట్టి లాగితే వచ్చేస్తున్నాయి. పడుకోబెట్టినప్పుడు ఫ్యాను తన బరువుతో తానే ప్రాసెసరు మీద ఆనుకుని ఉంటోంది. నిలబెట్టగానే తల ముందుకు వాల్చేస్తోంది, మధ్యలో సన్నని గాలి పొర.

ఇక్కడ మేము చదివిన చదువు గురించి ఒక మాట చెప్పాలి. అల్యూమినియం గాలికంటే దాదాపు 9 వేల రెట్లు బాగా వేడిని మోస్తుందని పరీక్షల్లో రాసినవాళ్లం. తపాలా బిళ్లంత చోట 60 వాట్ల వేడి పుడుతుంటే, దానికీ అల్యూమినియానికీ మధ్య గాలి దూరితే ఏమవుతుంది? ఈ రకం ప్రాసెసరుకు హద్దు 100 డిగ్రీలు. ముందు తన వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ వేడి దిగకపోతే కాలిపోకుండా తనంతట తానే ఆగిపోతుంది. ఆ ఏడు నిమిషాలూ అది తన ప్రాణం కాపాడుకుంటోందన్నమాట. మధ్యాహ్నం గది వేడి ఎక్కువ కాబట్టి ఇంకా తొందరగా. ఇది తెలుసుకోవడానికి ఎమ్మెస్సీ అక్కర్లేదని ఆ రాత్రి తెలిసింది.

మర్నాడు చిన్న ట్యూబు థర్మల్ పేస్టు కొన్నాం. పాత పేస్టును స్పిరిట్ దూదితో తుడిచి, కొత్తది కందిగింజంత పెట్టి, ఒక మూల నొక్కాక దాని ఎదురు మూల నొక్కుతూ నాలుగు టక్కులూ విన్నాం. బోర్డు వెనకవైపు కూడా చూసి కాళ్లు దిగాయో లేదో నిర్ధారించుకున్నాం. నిలబెట్టి బయాస్‌లో చూస్తే 41, 43, 42. రెండు గంటలు దాటినా అక్కడక్కడే.

"ఈ ముక్క ముందే సెప్పొచ్చు కదరా" అన్నాం తమ్ముడితో, నవ్వుతూనే.

"ముట్టుకోవద్దని రాసేరు కదన్నా" అన్నాడు.

వాడు ఎత్తిపొడుపుగా అనలేదు. ఉన్నమాట అన్నాడు. కాగితం ఇంకా అక్కడే ఉంది, పైన ఫొటో. మాలో మైకు పట్టుకున్నవాడే వెళ్లి పీకాడు. జిగురు గట్టిది, సగమే ఊడింది. "ముట్టు" అన్నంత మేర క్యాబినెట్ మీదే ఉండిపోయింది. తడిగుడ్డతో రుద్ది తీయడానికి చాలాసేపు పట్టింది.

ఆ నెలన్నరా అన్నలు నలుగురూ వంతులేసుకుని మాక్ టెస్టులు రాశారు. తాళం చెవి తమ్ముడి దగ్గర ఉండేది, ఇప్పటికీ వాడి దగ్గరే. నెలకోసారి మూత తీసి దుమ్ము దులిపి, నాలుగు కాళ్లూ నొక్కి చూస్తాడు. మేము హాస్టలు ఖాళీ చేసిన రోజు పెట్టె మోసి బస్సు దాకా వచ్చాడు. అప్పుడు కూడా కంప్యూటరు గురించే మాట్లాడాం. వాడి మీద వేసిన నింద హాలందరి ముందూ వేశాం, తప్పు మాదని మాత్రం ఎవరి ముందూ ఒప్పుకోలేదు. ఈ సంచిక హాలంతా చదువుతారు గనక ఇక్కడ రాస్తున్నాం. తమ్ముడూ, పెన్‌డ్రైవులో ఏమీ లేదు. ఫ్యాను బిగించింది మేమే.