కొండెక్కి దిగే ఓడ

ఓడ కొండెక్కుతుందా? పనామాలో ఎక్కుతుంది! అదీ చిన్నాచితకా ఓడ కాదు. పన్నెండు అంతస్తులు, రెండువేల మంది ప్రయాణికులు, ఈతకొలను, సినిమాహాలు, వంటశాలలు... అన్నిటితో సహా ఎక్కుతుంది. పొద్దున్నే అట్లాంటిక్ వైపు మూడు మెట్లెక్కి, మధ్యాహ్నం కొండల నడుమ సరస్సులో సాగి, సాయంత్రానికి పసిఫిక్ వైపు మూడు మెట్లు దిగిపోతుంది. అంత బరువును పైకెత్తేది ఏ క్రేనో, ఏ ఇంజినో అనుకుంటారు చాలామంది. కానే కాదు. ఆ పని చేసేది వాన నీళ్లు!

అమెరికాలోని ఫ్లోరిడా నుంచి కాలిఫోర్నియాకు రెండు వారాలకు పైగా సాగే సముద్ర విహారాల్లో అందరూ ఎదురుచూసే రోజు ఇదే. మిగతా రోజుల్లో తొమ్మిదయితే గానీ గది తలుపు తీయనివాళ్లు కూడా ఆరోజు చీకటితోనే లేస్తారు. ముందు డెక్ మీద రెయిలింగ్ పక్కన జాగా కోసం పోటీ. ఎదురుగా పచ్చటి అడవి, లంగరేసుకుని తమ వంతు కోసం నిలబడ్డ సరకుల ఓడలు.

ఈ దారే లేకపోతే న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్‌ను చుట్టి రావాలి. సుమారు 22,500 కిలోమీటర్లు. పనామా మీదుగా అయితే 9,500. అంటే, 80 కిలోమీటర్ల కాలువ పదమూడు వేల కిలోమీటర్ల ప్రయాణాన్ని మిగులుస్తోందన్నమాట.

మన లాకుల్లాంటివే

గోదావరి, కృష్ణా డెల్టాల్లో పెరిగినవాళ్లకు లాకుల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కాలువల మీద పడవలు తిరిగిన రోజుల్లో, నీటిమట్టం మారిన చోట వాటిని లాకుల్లోంచే ఎక్కించి దించేవారు. ముందొక తలుపు, వెనకొక తలుపు, మధ్యలో తొట్టి. పడవ తొట్టిలోకి రాగానే వెనక తలుపు మూసి నీళ్లు నింపితే పైకి తేలుతుంది. ముందు తలుపు తీస్తే పై కాలువలోకి వెళ్లిపోతుంది. పనామాలోనూ సూత్రం అదే. కొలతలే వేరు.

అట్లాంటిక్ వైపున్న గాటూన్ లాకుల్లో ఒకదాని వెనక ఒకటిగా మూడు తొట్లు. ఒక్కోటీ వెయ్యి అడుగుల పొడవు, 110 అడుగుల వెడల్పు. గోడల లోపల 18 అడుగుల వ్యాసంతో, రైలు పట్టేంత సొరంగాలు. పైనున్న గాటూన్ సరస్సు నీరు వాటిలోంచి దిగొచ్చి, తొట్టి అడుగునున్న రంధ్రాల్లోంచి ఉబికి వస్తుంది. ఒక్క పంపుసెట్టు కూడా లేదు. నీరు పల్లమెరుగు అన్న సామెతే ఇక్కడి ఇంజినీరింగ్!

పది నిమిషాల్లోపే తొట్టి నిండిపోతుంది. డెక్ మీద ఉన్నవాళ్లకు ఓడ పైకి లేస్తున్నట్టే తెలియదు. పక్కనున్న కాంక్రీటు గోడే మెల్లగా కిందికి కుంగిపోతున్నట్టు ఉంటుంది. ఇందాక తలెత్తి చూసిన దీపస్తంభం ఇప్పుడు కాళ్ల దగ్గరుంటుంది. మూడు తొట్లూ దాటేసరికి ఓడ సముద్ర మట్టానికి 26 మీటర్ల ఎత్తున ఉంటుంది.

ఇక ఆ తలుపులు చూడాలి! మందమే ఏడడుగులు. అన్నిటికంటే పెద్ద రెక్కలు ఒక్కోటీ ఏడొందల టన్నుల పైమాటే. అయినా లోపల బోలుగా ఉంటాయి కాబట్టి నీళ్లలో తేలిగ్గా కదులుతాయి. ఒక్కో రెక్కను తిప్పడానికి 25 హార్స్‌పవర్ మోటార్లు రెండుంటే చాలు. కాలువ ప్రారంభం నాటి తలుపులే చాలామటుకు మరమ్మతులతో నేటికీ పనిచేస్తున్నాయి.

రెండడుగుల సందు

ఏ రేవులోనైనా పైలట్ సలహా ఇస్తాడు, నిర్ణయం మాత్రం కెప్టెన్‌దే. పనామాలో అలా కాదు. కాలువ పైలట్ ఓడెక్కాడంటే నడిపే బాధ్యత పూర్తిగా అతడిదే. ఎందుకో లాకుల దగ్గర తెలుస్తుంది. పాత లాకులకు సరిపోయేలా కట్టిన పెద్ద ఓడల వెడల్పు 106 అడుగులు. తొట్టి 110. అంటే, అటు రెండడుగులు, ఇటు రెండడుగులు. కింది అంతస్తు బాల్కనీలోంచి చెయ్యి చాపితే గోడ తగిలేంత దగ్గర.

ఓడ గోడకు రాసుకోకుండా చూసేవి ‘మ్యూల్స్’. అంటే కంచరగాడిదలు. పూర్వం కాలువ గట్ల మీద పడవలను లాగిన జంతువుల పేరే ఈ విద్యుత్ ఇంజిన్లకు పెట్టారు. రెండు గట్ల మీదా పళ్లచట్రం ఉన్న పట్టాలపై ఇవి ఓడతో పాటు నడుస్తాయి. ఉక్కు తాళ్లతో అటూ ఇటూ బిగించి పట్టుకుని ఓడను సరిగ్గా మధ్యలో ఉంచుతాయి. ముందుకు నడిచేది మాత్రం ఓడ సొంత ఇంజిన్లతోనే.

ఇంత హంగామా మధ్య ప్రయాణికులంతా ఫొటోలు తీసే దృశ్యం ఇంకొకటుంది. ఒక చిన్న పడవ, అందులో తెడ్లు వేస్తూ ఇద్దరు మనుషులు. ఓడ దగ్గరికొచ్చి తాడు అందిస్తారు. ఆ తాడుతోనే మ్యూల్స్ ఉక్కు తాళ్లను ఓడ మీదికి లాగుతారు. రకరకాల ఉపాయాలు ప్రయత్నించినా, నమ్మకంగా పనిచేసింది ఈ తెడ్ల పడవేనట!

కొండల మీద సరస్సు

గాటూన్ లాకులు దాటగానే హడావుడి సద్దుమణుగుతుంది. ఎదురుగా విశాలమైన సరస్సు, మధ్యమధ్యలో పచ్చటి దీవులు. అవి నిజానికి దీవులు కావు, మునిగిపోయిన కొండల శిఖరాలు. చాగ్రెస్ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టడంతో 420 చదరపు కిలోమీటర్లకు పైగా నీరు నిలిచింది. అప్పట్లో మనుషులు కట్టిన సరస్సుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది ఇదే. నీటి మట్టం తగ్గినప్పుడు నాటి అడవి మోళ్లు ఇప్పటికీ అక్కడక్కడా పైకి తేలతాయి. బారో కొలరాడో అనే కొండ దీవిగా మారడంతో, పెరుగుతున్న నీటికి జడిసిన జంతువులు దాని మీదికి చేరాయి. 1923 నుంచీ అది శాస్త్రవేత్తల పరిశోధనా క్షేత్రం.

నీటి కింద ఉన్నది అడవి మాత్రమే కాదు. నది ఒడ్డున, పాత రైలుమార్గం పక్కన ఉన్న ఊళ్లూ మునిగాయి. మునగని ఊళ్లనూ చాలావరకు ఖాళీ చేయించారు. ఓడ మీద మైకులో వినిపించే వ్యాఖ్యానంలో కాంక్రీటు ఎంత, మట్టి ఎంత అన్న లెక్కలే ఎక్కువ. ఈ ఊళ్ల పేర్లు అరుదుగా వినిపిస్తాయి.

సికింద్రాబాద్ దోమ చేసిన సాయం

సరస్సు దాటాక కాలువ సన్నబడుతుంది. రెండు పక్కలా మెట్లు మెట్లుగా చెక్కిన కొండలు. ఇదే కులెబ్రా కోత. ఖండానికి వెన్నెముకలాంటి కొండల వరసను పదమూడు కిలోమీటర్లకు పైగా చీల్చి తీసిన దారి. ఎంత తవ్వితే అంత మట్టి జారిపడేది. తవ్విన చోటే మళ్లీ మళ్లీ తవ్వారు.

మొదట దిగింది ఫ్రెంచివాళ్లు. సూయజ్ కాలువ తవ్వించిన ఫెర్డినాండ్ డి లెస్సెప్స్ నాయకత్వంలో 1881లో పని మొదలెట్టారు. మెట్లూ లాకులూ లేకుండా సముద్ర మట్టానికే తవ్వేద్దామనుకున్నారు. కొండలు లొంగలేదు. అంతకంటే ఘోరంగా మలేరియా, ఎల్లో ఫీవర్ పగబట్టాయి. చనిపోయినవారు సుమారు 22 వేల మందని అంచనా. 1889కల్లా కంపెనీ దివాలా తీసింది. ఆ జ్వరాలు దోమల వల్ల వస్తాయని అప్పటికి ఎవరికీ రుజువు దొరకలేదు. మన ఇళ్లలో పాలగిన్నెకు చీమలు పట్టకుండా నీళ్ల పళ్లెంలో పెడతామే, అలా ఆస్పత్రిలో మంచం కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టారు. ఆ గిన్నెల్లోనే దోమలు గుడ్లు పెట్టాయి!

ఇక్కడే మన ఊరి ప్రస్తావన వస్తుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. బేగంపేటలో ఆయన పేరుతో ఉన్న పాత భవనం దానికి గుర్తు. 1900లో క్యూబాలో జరిగిన పరిశోధనలు ఎల్లో ఫీవర్‌కూ దోమే కారణమని తేల్చాయి. 1904లో అమెరికా పనులు చేపట్టినప్పుడు వైద్యాధికారి విలియం గోర్గాస్ ఈ రెండు సంగతులనూ ఆయుధాలు చేసుకున్నాడు. నీటి గుంటల్లో నూనె చల్లించాడు, కిటికీలకు జాలీలు కొట్టించాడు, ఇంటింటికీ పొగ వేయించాడు. రెండేళ్లలో పనామాలో ఎల్లో ఫీవర్ దాదాపు మాయమైంది. రాస్ పరిశోధన లేకపోతే ఈ కాలువే లేదన్న ఉద్దేశంతో గోర్గాస్ స్వయంగా లేఖ రాశాడు.

అయినా అమెరికన్ల హయాంలోనూ 5,609 మంది చనిపోయినట్టు రికార్డులు చెబుతున్నాయి. ఎక్కువమంది బార్బడోస్ వంటి కరీబియన్ దీవుల నుంచి వచ్చిన నల్లజాతి కూలీలు. తెల్ల ఉద్యోగులకు బంగారు నాణేల్లో, వీళ్లకు వెండి నాణేల్లో జీతం. క్యాంటీన్లు వేరు, ఇళ్లు వేరు, పోస్టాఫీసు కిటికీలు కూడా వేరు. వాళ్లు తవ్విన కాలువలోంచి 1914 ఆగస్టు 15న ‘అంకోన్’ అనే ఓడ తొలిసారి అధికారికంగా దాటింది. అప్పటికే మొదటి ప్రపంచయుద్ధం మొదలవడంతో సంబరాలు అంతంతమాత్రమే. కాలువ పనామా దేశం చేతికి పూర్తిగా వచ్చింది 1999 డిసెంబరు 31న.

ఓడకు 20 కోట్ల లీటర్లు

కోత దాటితే దిగుడు మెట్లు. పెడ్రో మిగెల్ దగ్గర ఒకటి, మిరాఫ్లోరెస్ దగ్గర రెండు. ఎక్కేటప్పుడు పైకి పొంగిన నీరు ఇప్పుడు కిందికి జారిపోతుంది. మిరాఫ్లోరెస్ గట్టున సందర్శకుల గ్యాలరీలోంచి జనం చేతులూపుతారు. ఓడలోని వాళ్లూ ఊపుతారు. చివరి తలుపు తెరుచుకోగానే ఓడతో పాటే నీరూ సముద్రంలో కలిసిపోతుంది.

ఆ నీరెంతో తెలుసా? ఒక ఓడ ఈ చివర నుంచి ఆ చివరకు దాటడానికి సుమారు 20 కోట్ల లీటర్లు. అంతా మంచినీరే. మన పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్న లెక్కన చూస్తే, 14 లక్షల మందికి ఒకరోజు సరిపోయే నీళ్లు. మామూలు రోజుల్లో ఇలా దాటే ఓడలు 36. పనామా జనాభాలో సగానికి పైగా తాగేది కూడా ఈ కాలువకు నీరిచ్చే సరస్సుల నుంచే!

వానలు సమృద్ధిగా కురిసినన్నాళ్లూ ఈ లెక్క ఎవరికీ పట్టలేదు. 2023లో ఎల్‌నినో వచ్చింది. 1950 నుంచి ఉన్న రికార్డుల్లో అంత పొడి అక్టోబరు లేదు. గాటూన్ మట్టం పడిపోయింది. రోజుకు దాటే ఓడల్ని 22 దాకా తగ్గించేశారు. క్యూ తప్పించుకోవడానికి ఓ ఓడ కంపెనీ వేలంలో దాదాపు 40 లక్షల డాలర్లు అదనంగా చెల్లించింది. 1928లో ఇదే కాలువను ఈదుకుంటూ దాటిన అమెరికన్ రచయిత రిచర్డ్ హాలీబర్టన్ కట్టిన సుంకం 36 సెంట్లు!

2016 జూన్‌లో ప్రారంభమైన కొత్త లాకులు మరింత పెద్దవి. వెడల్పు 55 మీటర్లు. పక్కనే తొట్లు కట్టి, వాడిన నీటిలో 60 శాతాన్ని మళ్లీ వాడుకుంటున్నారు. పాత లాకులకు ఆ సౌకర్యం లేదు. 2024లో వానలు పడి ఓడల సంఖ్య మళ్లీ మామూలైంది గానీ భయం పోలేదు. అందుకే ఇండియో నది మీద ఇంకో ఆనకట్ట కట్టాలని కాలువ యాజమాన్యం నిర్ణయించింది. అంచనా వ్యయం 160 కోట్ల డాలర్లు. ఇల్లూ పొలమూ వదలాల్సినవారు రెండువేల పైచిలుకు. 2025లో అక్కడి రైతులు పడవలెక్కి నది మీదే నిరసన తెలిపారు. నూరేళ్ల కిందట చాగ్రెస్ ఒడ్డున జరిగిందే తమకూ జరుగుతుందని వాళ్ల భయం. ఆనకట్ట లేకపోతే రాజధానికి తాగునీరెక్కడిదని అధికారుల ప్రశ్న. రెండింటిలోనూ నిజముంది. తేల్చడమే కష్టం.

మిరాఫ్లోరెస్ దాటిన ఓడ ‘బ్రిడ్జ్ ఆఫ్ ది అమెరికాస్’ కిందుగా పసిఫిక్‌లోకి అడుగుపెడుతుంది. ఎడమవైపు పనామా నగరం అద్దాల మేడలు మెరుస్తుంటాయి. ప్రయాణికులు కెమెరాలు సర్దుకుని భోజనాలకు బయల్దేరతారు. వెనక లాకుల్లో ఇంకో ఓడ కోసం తొట్టి నిండుతూ ఉంటుంది. అది ఎన్నాళ్లు నిండుతుందో చెప్పాల్సింది ఇంజినీర్లు కాదు... చాగ్రెస్ కొండల మీద కురిసే మబ్బులు!