రువి వీధుల కింద రన్‌వే

రువిలో బాంకుల వీధిన కారు నిలుపుకునే చోటు కోసం మూడు చుట్లు తిరిగే మనవాళ్ళు ఒక పట్టాన నమ్మరు గాని, ఒకప్పుడు ఆ లోయలో విమానాలు దిగేవి. 1973లో సీబ్ విమానాశ్రయం వచ్చేదాకా మస్కట్‌కు బైత్ అల్ ఫలజ్ రన్‌వేయే గతి. పక్కనున్న కోట ఇప్పుడు సైనిక మ్యూజియం. అక్కడ నిలబడి చూడండి, ఎటు చూసినా కొండలే. పొట్టి రన్‌వే, చుట్టూ కొండలు, నెత్తిన ఎండ. పెద్ద జెట్లకు ఇది చాలదని చెప్పడానికి ఇంజనీరే కానక్కరలేదు. సముద్రం ఒడ్డున చదునైన నేలకు మారారు.

ఈ చదును సంగతే మమ్మల్ని ఆలోచనలో పెట్టింది. నూటికి రెండు వంతుల మెరక కంటికి సరిగా ఆనదు. వంద మీటర్లు నడిస్తే రెండు మీటర్లు ఎక్కుతాం, అంతే. కాని ట్రెడ్‌మిల్ పరీక్షలో మేము రోజూ చూసేదే ఇది. బ్రూస్ పద్ధతిలో మూడు నిమిషాలకోసారి వేగంతోపాటు వాలు కూడా 2 శాతం పెంచుతాం. అందాకా కబుర్లు చెబుతున్న పెద్దమనిషికి మాట పడిపోతుంది! విమానానికీ అదే అవస్థ. 2 శాతం మెరకలో దాని బరువులో యాభయ్యో వంతు వెనక్కు లాగుతుంది. ముందుకు తోసే నికర బలం బరువులో అయిదో వంతు అనుకుంటే, అందులో పదో వంతు హరీ. పరుగు దూరం సుమారు ఆ మేరకు పెరుగుతుంది. బ్రిటన్ పౌర విమానయాన శాఖ చిన్న విమానాలకు చెప్పే మోటు లెక్కా ఇదే: 2 శాతం మెరకకు 10 శాతం, 10 డిగ్రీల వేడికి మరో 10, వెయ్యి అడుగుల ఎత్తుకు మరో 10. ఇవి ఒకదానిమీద ఒకటి చక్రవడ్డీలా పెరుగుతాయి.

పల్లం లాభమే. నేపాల్‌లోని లుక్లా రన్‌వే 527 మీటర్లు, వాలు దాదాపు 12 శాతం. అక్కడ విమానాలు ఎక్కుతూ దిగుతాయి, దిగుతూ ఎగురుతాయి.

మన జెబెల్ అఖ్దర్ మీద సైక్ పీఠభూమి సుమారు 6,500 అడుగులు. దానిమ్మ తోటలు చూడబోయిన మనకు హాయి. చిన్న విమానానికి మాత్రం, చల్లదనం కొంత ఆదుకున్నా, ఆ ఎత్తు ఒక్కటే పరుగును రెట్టింపు దాకా తీసుకుపోతుంది. గాలికి ఎదురుగా ఎగరాలి, ఆ దిక్కే మెరకైతే ఇక తగ్గించగలిగేది బరువే. అదే మోటు లెక్కలో 10 శాతం అదనపు బరువుకు 20 శాతం అదనపు పరుగు.

అలాంటి కొండ మీదనుంచి రోగిని దించాలంటే స్ట్రెచర్ వదలలేం, ఆక్సిజన్ సిలిండర్ వదలలేం, ఇంధనం అసలే వదలలేం. మిగిలింది తోడు వచ్చిన కొడుకు. తెల్లవారుజామున చల్లపూట బయల్దేరగలిగితే అతనికీ చోటు దొరకవచ్చు.