పక్షివిశేషము

చాలాకాలానికి కలం పట్టుకున్నాను, అనగా కీబోర్డు పట్టుకున్నాను. ఈసారి వ్యాకరణమూ లేదు, ఛందస్సూ లేదు. ఒక పదానికి అర్థం తెలుసుకోవడానికి నాకు పట్టిన ముప్ఫై ఏళ్ళ కథ మాత్రమే ఉన్నది.

భాషాప్రవీణ చదివి, పండిత శిక్షణ పొంది, పల్లెటూరి బడుల్లో తెలుగు చెప్పినవాడిని. ఒకనాడు పద్యపాఠంలో, ఏడ్చే స్త్రీని కురరితో పోల్చిన చోట, యథావిధిగా నల్లబల్లపై "కురరము = పక్షివిశేషము" అని వ్రాశాను. వెనుక బల్లమీద కుర్రవాడొకడు లేచి, "ఎలాంటి పక్షండీ?" అన్నాడు. "చెప్పాను కదా, పక్షివిశేషమని. కూర్చో" అన్నాను. వాడు కూర్చున్నాడు. నిఘంటుకారులు తమకు తెలియని ప్రతి చెట్టునూ వృక్షవిశేషమనీ, ప్రతి పిట్టనూ పక్షివిశేషమనీ వ్రాసి తప్పించుకున్నారు. వారి వెనుక నేను దాక్కున్నాను. అమరకోశంలో సింహాదివర్గం నాకు కంఠస్థం. ఉత్క్రోశము, కురరము ఒకటేనని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ పిట్ట నెత్తిమీదుగా ఎగిరిపోతే మాత్రం గుర్తించలేను.

పదవీ విరమణ తరువాత చీడికాడలో స్థిరపడ్డాను. మా మండలంలోనే బొడ్డేరు మీద కట్టిన కోనం జలాశయం ఉన్నది. చుట్టూ తూర్పు కనుమల కొండలు, నడుమ నీరు. ఉదయం పూట స్కూటరు మీద అక్కడికి పోవడం అలవాటయింది. 2023 డిసెంబరు మొదటి వారంలో, కాలువ ప్రక్కన ఒక ఆసామి చెరకు చేని గట్టు మీది నాటుమామిడి చిటారున రెండు పక్షులు పుల్లలు పేర్చడం చూశాను. తలా రొమ్మూ తెలుపు, తక్కిన ఒళ్ళంతా కావిరంగు. నీటిమీద చేపలను తన్నుకుపోతున్నవి. ఇంకేమి, కురరదంపతులు దొరికినవని పొంగిపోయి ఇంట్లోవాళ్ళకూ వీధిలోవాళ్ళకూ చాటింపు వేశాను.

నా పాండిత్యం మీద నీళ్ళు చల్లినవాడు జలాశయంలో వలవేసే ఒక ముసలాయన. "అది గరుడపచ్చి కదా బాబూ! సేపలు తినీదల్లా ఒకటేనేటి? మీరు సెప్పీది అదిగో" అని నీటిలో నిలిచిన మోడువైపు చూపాడు. దానిమీద మరింత పెద్ద పక్షి ఒకటి ఒంటరిగా కూర్చుని ఉన్నది. వీపు ముదురు గోధుమరంగు, కడుపు తెలుపు, కంటిమీదుగా కాటుక చారవంటి నల్లపట్టె. "దాన్ని కొరమేను గద్దంటాం. ఇక్కడ గూడు పెట్టదు. సలికాలం వస్తాది, ఎండలు ముదిరీసరికి పోతాది."

ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగవేశాను. ఆంగ్లంలో దానిని ఆస్ప్రే అంటారు. మోనియర్ విలియమ్స్ సంస్కృత నిఘంటువు కురరానికి ఇచ్చిన అర్థమూ అదే. 1862లో వెలువడిన తన భారతీయ పక్షుల గ్రంథంలో జెర్డన్ దొర దీనికి తెలుగు పేరు కొరమీను గద్ద అని వ్రాసుకున్నాడు. అమరకోశం వల్లించిన నాకు తెలియని పేరు దొరకు తెలిసింది, వలవేసే ముసలాయనకు తెలిసింది. సిగ్గుపడ్డాను.

ఆ కొరమీను గద్ద వేట చూడవలసిందే. నీటిపై ఒకచోట రెక్కలాడిస్తూ నిలిచి, కాళ్ళు ముందుకు చాచి దభాలున పడుతుంది. దాని అరికాళ్ళలో ముళ్ళవంటి గరుకుదనం ఉంటుంది, బయటి వ్రేలు వెనుకకు కూడా తిరుగుతుంది. జారే చేప జారదు. పైకి లేచాక చేప తలను ముందువైపుకు త్రిప్పి పట్టుకుని పోతుంది. గరుడపక్షి అలా మునగదు, నీటి పైపైన తేలేదానిని గీరుకుని పోతుంది. ఇంత తేడా ఉన్నదానిని నేను ఒకటిగా చూశాను!

అతిథి సంగతి అలా ఉంచి, గూడు కట్టిన గరుడదంపతుల వద్దకు వస్తాను. గూడు పూర్తికాకమునుపే ఉపద్రవం వచ్చింది. ఆ మామిడిని ఆసామి కర్రల వ్యాపారికి అమ్మివేశాడు. కాపు తగ్గింది, నీడ చెరకును చెరుస్తోంది. తప్పు పట్టడానికి లేదు. వెళ్ళి అడిగాను.

"పిట్ట కోసం సెట్టాపుతామేటండి మేష్టారూ? బేరం అయిపోనాది. అడ్వాన్సు కూడా తీసీసుకున్నాను" అన్నాడు.

"గరుడపక్షి గూడు నాయనా" అన్నాను.

అతడు తలెత్తి చూసి, అప్రయత్నంగా చెంపలు వేసుకున్నాడు. కాసేపు మాట్లాడలేదు. "ఉగాది దాకా ఆగుతాను. ఆ ఎనకాల ఒక్క రోజు కూడా ఆగను. ఆ అడ్వాన్సు సంగతి మీరే సూసుకోండి." అయిదు వేలు వ్యాపారికి నేనే తిరిగి ఇచ్చాను. మా ఆవిడ, "పిచ్చుకలపాలైన పంటను విన్నాను గాని, గద్దలపాలైన పింఛను ఇప్పుడే చూస్తున్నాను" అన్నది. ఆ మాటకు ఇప్పటికీ నావద్ద జవాబు లేదు.

సంక్రాంతి నాటికి ఒక పక్షి గూటిలో కదలకుండా కూర్చున్నది. ఆడదో మగదో చూపుకు తెలియదు, రెండూ ఒకేరూపు. ఎక్కువగా కూర్చునేది ఆడదేనని పుస్తకాలంటాయి. నాలుగు వారాల లోపు పొదుగు పూర్తవుతుంది. జనవరి నెలాఖరుకు మగపక్షి రాకపోకలు హెచ్చినవి. మేరీలాండులో ఉన్న మా అబ్బాయి పంపిన దుర్భిణిలోంచి, ఫిబ్రవరి మధ్యలో రెండు చిన్నతలలు కనబడినవి.

ఒక ఉదయం మగపక్షి చేపతో వస్తుండగా కాకులు నాలుగూ, నల్లగద్ద ఒకటీ వెంటబడినవి. రెండు చుట్లు తిరిగి, తప్పించుకోలేక, చేపను వదిలివేసింది. అవన్నీ చేపవెంట పోయినవి. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తన ఇరవైనలుగురు గురువులలో కురరాన్ని ఒకటిగా చెబుతాడు. మాంసఖండాన్ని వదలగానే శత్రువులు విడిచిపోగా సుఖపడిన పక్షి అది. పరిగ్రహమే దుఃఖమని ఆ ఘట్టాన్ని ఎన్నిసార్లు వ్యాఖ్యానించానో! ఈ పక్షి సుఖపడలేదు. వట్టి కాళ్ళతో గూటి అంచున వాలింది. లోపల రెండు నోళ్ళు తెరుచుకున్నవి. అది మళ్ళీ నీటివైపు పోయింది. అవధూత చూసిన కురరానికి గూటిలో పిల్లలు లేవు కాబోలు.

ఆ వారంలోనే ఒక తల కనబడకుండా పోయింది. ఏమైందో క్రిందినుంచి తెలియదు. చిన్నది ఆకలికి తట్టుకోలేక పోయి ఉంటుంది. తల్లి ఆ రోజంతా పసిపిల్ల ఏడ్చినట్లు సన్నగా, సాగదీసి అరిచింది. శోకమో, ఆహారం తెమ్మని మగనిని పిలవడమో చెప్పలేను; మామూలు రోజుల్లోనూ దాని కూత అలాంటిదే. అయినా పుస్తకం మూసి చాలాసేపు గట్టు మీదనే కూర్చున్నాను.

ఈ సంగతులు మా అబ్బాయికి ఫోనులో చెబితే, అక్కడి చీసాపీక్ అఖాతం ఒడ్డున కొరమీను గద్దలు నీటిలో పాతిన స్తంభాలమీద, మనుషులు కట్టిపెట్టిన వేదికలమీద గూళ్ళు పెడతాయని చెప్పాడు. ఒకప్పుడు డీడీటీ మందువల్ల గుడ్ల పెంకులు పలుచనై చితికిపోయేవట. 1972లో అమెరికా దానిని నిషేధించాక మెల్లగా కోలుకున్నాయి. స్కాట్లండులో పూర్తిగా అంతరించాయనుకున్న ఈ పక్షులు 1954లో లాక్ గార్టెన్ అనే సరస్సు వద్ద గూడు పెట్టగా, గుడ్ల దొంగలనుంచి కాపాడటానికి కాపలా పెట్టారు. అంత కాపలాలోనూ 1958లో దొంగ గుడ్లు ఎత్తుకుపోయాడు. మరుసటి ఏడు మూడు పిల్లలు ఎగిరినవి. అంత దూరాన ఒక గూటికోసం రాత్రింబగళ్ళు మేలుకున్నవారున్నారని విన్నాక, నా అయిదు వేలు నాకు పిచ్చితనంగా తోచలేదు. మా ఆవిడకు మాత్రం ఈ స్కాట్లండు వృత్తాంతం చెప్పలేదు.

మార్చి రెండవ వారం తరువాత మోడుమీది కొరమీను గద్ద కనబడలేదు. ఉత్తరానికి, తన గూటికి పోయింది. మార్చి మూడవ వారంలో మామిడి మీది పిల్ల, ఇంకా తల తెల్లబడని మట్టిరంగు పిల్ల, కొమ్మ చివర రెండురోజులు రెక్కలు కొట్టి, మూడవనాడు కాలువ దాటి తాటిచెట్టు మీద పడినట్లుగా వాలింది. తాటిమట్ట ఊగింది. నేను ఒక్కడినే ఉండి, ఎవరూ లేని గట్టుమీద "శభాష్" అన్నాను.

2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. ఆసామి మాట తప్పలేదు, ఆగనూ లేదు. పండుగ వెళ్ళిన మూడవనాడు చెట్టు కొట్టారు. కూలిన కొమ్మల్లో గూడు చూశాను. పుల్లల నడుమ ఎండుటాకులు, గుడ్డపీలికలు, చేపముళ్ళు, ఒక వలముక్క. ఆ డిసెంబరులో మళ్ళీ పోయేసరికి, ఆవలి ఒడ్డు చింతచెట్టు మీద రెండు పక్షులు పుల్లలు మోస్తున్నవి. అవేనని నేను అనను.

వెనుక బల్ల కుర్రవాడు ఇప్పుడు తానే ఒక బడిలో ఉపాధ్యాయుడు. నెంబరు సంపాదించి ఫోను చేశాను. కురరమంటే కొరమీను గద్ద అనీ, కోనంలో చలికాలం ఉంటుందనీ, గరుడపక్షితో పొరబడకూడదనీ వివరంగా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"చాలా సంతోషమండీ మేష్టారూ" అన్నాడు. "కానీ ఆ ప్రశ్న అడిగినట్టు నాకు గుర్తే లేదండీ."