మెడలో హుడ్డు, గాజుకు పిన్నీసు

రండి, ఇటు నీడలోకి రండి. ఆ గోడమీద మాత్రం చెయ్యి పెట్టకండి, నిన్ననే సున్నం కొట్టారు, చీరకి అంటుకుంటుంది. పొయ్యిమీద ఏమన్నా పెట్టొచ్చారా? పప్పేనా? అయితే మరేం ఫరవాలేదు, కుక్కర్ కూత మీకన్నా ముందు నాకే వినిపిస్తుంది.

అమెరికా నుంచి వచ్చినప్పట్నుంచీ అడుగుతున్నారుగా, ఏం చూశారు, ఏం చూశారు అని. నయాగరా చూళ్ళేదండీ. అదెక్కడికీ పోదు. నేను చూసింది చెప్తే మీరు నవ్వుతారు. మా అబ్బాయి వాళ్ళ పక్కింటి పిల్లకి మెడలో హుడ్డు వేస్తుంటే చూశాను. దాని గురించే ఊరంతా చెప్పుకు తిరుగుతున్నానని మావారు అప్పుడే విసుక్కుంటున్నారు.

మావాడుండేది కేరీ అనే ఊళ్ళో. నార్త్ కరోలినా. అక్కడ మనవాళ్ళెంతమందంటే, వెంకటేశ్వరస్వామి గుడికెళ్తే చెప్పులు విడిచేచోట మన వీధివాళ్ళెవరో ఒకరు కనబడతారు. పక్కింటివాళ్ళు తెనాలి వాళ్ళు. ఆవిడ నన్ను అక్కయ్యగారూ అంటుంది, పిల్ల పెద్దమ్మా అంటుంది. ఆయన సాఫ్ట్‌వేరే లెండి, ఇంకేముంటుంది. పాపం ఆ పెద్దమనిషికి గుళ్ళో ఒక్కటే కష్టం. పులిహోర దొన్నె చేతికిచ్చి ఎవరో ఒకరు అడుగుతారు, అమ్మాయి ఏం చదువుతోందండీ అని. ఎంఎఫ్‌ఏ అంటాడు. ఓహో ఎంబీఏనా, ఏ స్పెషలైజేషను అంటారు అవతలివాళ్ళు. ఈయన పులిహోర నములుతూ తల ఊపేస్తాడు. మూడేళ్ళు అలా ఊపుతూనే ఉన్నాడు.

పిల్ల చదివింది కుట్టుపని. అలా అంటే వాళ్ళమ్మకి కోపం, కాస్ట్యూమ్ టెక్నాలజీ అనాలి. నాటకాలకి, డాన్సులకి బట్టలెలా కత్తిరించాలి, ఎలా కుట్టాలి, రాజుగారు ఒక సీనయ్యాక అర నిమిషంలో బిచ్చగాడు కావాలంటే ఆ అంగరఖాకి గుండీలు ఎక్కడ పెట్టాలి, ఇదీ చదువు. అక్కడ దానికి మాస్టర్సు, అదే ఆ ఎంఎఫ్‌ఏ. విగ్గులకీ, మేకప్పుకీ కూడా విడిగా మాస్టర్సుందట. మీరలా నోరు తెరవకండి, నేను అప్పుడే తెరిచేశాను.

ఆ బడి కేరీకి రెండు గంటల దూరం కూడా లేదు, విన్‌స్టన్-సేలం అనే ఊళ్ళో. యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా స్కూల్ ఆఫ్ ది ఆర్ట్స్. దాని పుట్టుక మన ఊరి రాజకీయంలాగే ఉందండీ, చెప్తా వినండి. 1963లో ఆ రాష్ట్రం అసెంబ్లీలో ఈ బడికి డబ్బులివ్వాలని బిల్లు పెట్టారట. కొందరు సభ్యులు మునివేళ్ళ మీద గెంతడానికి సర్కారు సొమ్మా అని ఎకసెక్కాలాడారు. అయినా గవర్నరు టెర్రీ శాన్‌ఫర్డ్ పట్టుబట్టి గెలిపించాడు. ఆయనకీ ఆలోచన చెవిలో వేసింది జాన్ ఈలీ అనే నవలలు రాసే ఆయన. ఈయన భార్య ఎవరనుకున్నారు? మీ మనవడు చూసే స్పైడర్‌మ్యాన్‌లో, అదే పాతదాంట్లో, ఆ కుర్రాణ్ణి పెంచిన తెల్లజుట్టు పెద్దావిడ లేదూ, రోజ్‌మేరీ హారిస్, ఆవిడే. చూశారా, ఎక్కడెక్కడి చుట్టరికాలో!

సరే, బడి ఏ ఊళ్ళో పెట్టాలి? పోటీ. విన్‌స్టన్-సేలం వాళ్ళు ఇంటింటికీ ఫోన్లు చేసి రెండ్రోజుల్లో దగ్గర దగ్గర 9 లక్షల డాలర్లు పోగేశారు. 1964లో 9 లక్షల డాలర్లంటే మాటలా? మన వీధిలో వినాయకచవితి చందాకి వస్తే మీరు తలుపు వెనకనుంచి ఎవరూ లేరని చెప్పించడం నాకు తెలీదా? అవునులెండి, ఆ ఏడాది మీ ఇంట్లో సున్నాలు, ఒప్పుకుంటాను.

ఇంకోటి, ఇది మరిచిపోతే మళ్ళీ గుర్తుండదు. అక్కడ ప్రతి బడికీ ఓ గుర్తుంటుంది, పులో, గద్దో, ఎలుగుబంటో. ఈ బడికి ఊరగాయ. నిజమండీ, కొట్లాటకి సిద్ధంగా ఉన్న ఊరగాయ. వాళ్ళ ఊరగాయంటే మన ఆవకాయ కాదు, వెనిగర్లో నానేసిన పచ్చ దోసకాయ. ఆ బొమ్మ ఉన్న టీషర్టు వేసుకుని పక్కింటాయన పొద్దున్నే చెత్తడబ్బా బయట పెట్టడానికొస్తే, ఎంబీఏ సంగతంతా అక్కడే బయటపడిపోయేది.

ఇహ హుడ్డు. మన డిగ్రీలకీ నల్లగౌనూ టోపీ చూశాంగా. అక్కడ మాస్టర్స్, డాక్టరేట్ వాళ్ళకి దాని మీద ఇంకోటి వేస్తారు. పూర్వం యూరప్‌లో చలి రాతిహాళ్ళల్లో చదువుకునే సన్యాసుల్లాంటి వాళ్ళు తలమీదికి లాక్కునే ముసుగుండేదట. ఇప్పుడది తలమీదికి రాదు. మెడచుట్టూ వేసి వీపుమీదికి జారవిడుస్తారు. మాస్టర్స్‌కి మూడున్నర అడుగుల పొడవు, డాక్టరేట్‌కి 4 అడుగులు. అంచున ముఖమల్. ఆ ముఖమల్ రంగు చూసి చదువేమిటో చెప్పెయ్యొచ్చు. లా వాళ్ళకి ఊదా, వైద్యులకి ఆకుపచ్చ, సైన్సుకి పసుపు, సంగీతానికి గులాబీ. ఆరడుగుల మీసాలాయన ట్రాంబోన్ వాయించినా సరే, గులాబీయే. మా పిల్లది లలితకళల లెక్క కాబట్టి కాఫీగింజ రంగు. లోపలి అస్తరు మాత్రం ఏ బడివాళ్ళకి ఆ బడి రంగులు. అది వీపుమీద మడత విచ్చుకుని బయటికి కనబడాలి. కనబడకపోతే అంత ఖర్చూ వృథా.

ఈ రంగులూ కొలతలూ ఏ మహాపండితుడు పెట్టాడో అనుకున్నాను. ఆల్బనీ అనే ఊళ్ళో బట్టలకొట్టు వాళ్ళబ్బాయట! గార్డ్‌నర్ కాట్రెల్ లెనర్డ్. 1887లో తన క్లాసువాళ్ళకి గౌన్లు తనే గీసి ఇచ్చాడు. తర్వాత 1895లో పెద్ద పెద్ద కాలేజీల వాళ్ళు కూర్చుని దేశమంతటికీ ఒకే పద్ధతి రాసుకున్నప్పుడు ఆ అబ్బాయి సలహా చెప్పడానికి పక్కనే ఉన్నాడు. బట్టల దుకాణం వాళ్ళా, మజాకా!

మన దగ్గర ఈ గౌన్లంటే కొందరికి ఒళ్ళుమంట. 2010లో భోపాల్‌లో స్నాతకోత్సవంలో జైరాం రమేష్ గారు మంత్రిగా వెళ్ళి వేదిక మీదే గౌను తీసేశారు, గుర్తుందా? తర్వాత యూజీసీ వాళ్ళు చేనేత బట్టలు వాడండని కాలేజీలకి రాశారు. మంచిదే. మే నెల ఎండలో నల్లగౌను వేసుకున్నవాడికే తెలుస్తుంది.

నలుపంటే గుర్తొచ్చింది. తెనాలి నుంచి పిల్ల అమ్మమ్మగారు వీడియోలో గౌను చూసి గొల్లుమన్నారు. శుభమా అని పట్టా తీసుకుంటూ నల్లబట్టలేమిటే, అదీ శుక్రవారం పూట, అని. పిల్ల తల్లేం చేసింది? రాత్రి ఎవరూ చూడకుండా పసుపు తడిపి గౌను లోపలి అంచుకీ, హుడ్డు అస్తరు మూలకీ చుక్కపెట్టింది. కొత్తబట్టకి పసుపు పెట్టకుండా పిల్ల ఒంటిమీద వేస్తుందా? నేను చూశాను. చూడనట్టు నీళ్ళు తాగేసి వచ్చేశాను.

మర్నాడు ఆ హాల్లో ఏం జరిగిందో అది చెప్పాలి మీకు. ఇందులో అసలు మెలికేమిటంటే, హుడ్డు ఎవరికి వాళ్ళు వేసుకోకూడదు. పిల్లలు దాన్ని మడిచి చేతిమీద వేసుకుని వస్తారు. పేరు పిలుస్తారు. చదువు చెప్పిన గురువు దాన్ని తీసుకుంటే, పిల్ల వెనక్కి తిరిగి కాస్త మోకాళ్ళు వంచుతుంది. తలమీదుగా దించి భుజాలమీద సర్దుతారు. మన సన్మానాల్లో శాలువా కప్పినట్టే. కాకపోతే శాలువా కప్పేవాళ్ళ చూపు మనవైపు చచ్చినా ఉండదు, ఫొటోగ్రాఫరు వైపుంటుంది.

ఇదేమంత తేలిక కాదు. మావాడి ఎమ్మెస్ అప్పుడు, వేరే ఊళ్ళో లెండి, ఒక ప్రొఫెసరుగారు తలకిందులుగా వేసేసి చెయ్యి కలిపి పంపించేశారు. ఫొటోలో మావాడు గోనెసంచి మోస్తున్నట్టు వచ్చాడు. ఇంకో తంటా ఉంది. హుడ్డు బరువంతా వీపువైపే. ముందున్న ఇరుకు భాగం మెల్లగా పైకి జరిగి జరిగి గొంతు పట్టేస్తుంది. మగపిల్లలకైతే చిన్న దారం ఉచ్చుంటుంది, చొక్కా గుండీకి తగిలిస్తారు. మరి ఆడపిల్ల గౌను కింద చీర కట్టుకుంటే గుండీ ఏది?

అదిగో, అక్కడే మా తెనాలావిడ గాజులు గలగలమన్నాయి. మీ చేతికీ ఉన్నాయిగా, చూపించండి. మంగళసూత్రానికి రెండు, గాజుకి నాలుగు పిన్నీసులు. పిల్ల లైన్లోకి వెళ్ళేముందు ఆవిడ గాజునుంచి పిన్నీసు ఊడదీసి, జాకెట్టు మెడ దగ్గర లోపల్నుంచి గుచ్చి, ఆ దారం ఉచ్చు అందులో దూర్చి మూసింది. పైకి కనబడదు. పక్కన నిలబడ్డ తెల్లపిల్ల అది చూసి ఏమీ మాట్లాడలేదు, మెడ ముందుకి చాచింది. దాని వెనక పిల్ల చాచింది. ఆ వెనక గులాబీ రంగు కుర్రాడు, వాడికి చొక్కా గుండీ ఉందండీ, అయినా చాచాడు. ఆవిడ గాజులు ఖాళీ అయ్యాక నా వైపు చెయ్యి జాపింది. నావీ ఇచ్చాను. చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని కూర్చున్నాను ఆ సాయంత్రమంతా.

ఆ గౌను చేతులు చూశారా ఎప్పుడైనా? మాస్టర్స్‌ది వింతగా ఉంటుంది. చెయ్యి మణికట్టు దగ్గరున్న చీలికలోంచి బయటికొస్తుంది, మిగిలిన చేతిగుడ్డ కింద సంచిలా వేలాడుతుంది. అందులో ఒక కుర్రాడు ఫోను పడేశాడు, ఇంకో అమ్మాయి చాక్లెట్లు. మన పిల్ల ఏం వేసిందో తెలుసా? సూది, దారం, చిన్న కత్తెర. పట్టా పుచ్చుకోడానికి వెళ్తూ కూడా!

దానికీ ఓ లెక్కుంది లెండి. ఈ కుట్టేవాళ్ళూ, లైట్లు వేసేవాళ్ళూ ఆటరోజున నల్లబట్టలే కడతారట, తెర పక్కన తిరుగుతున్నా జనానికి కనబడకుండా. ఇంకొకళ్ళకి తొడగడం, ముడులు వెయ్యడం, జిప్పు లాగడం, చీకట్లోకి తప్పుకోడం. ఆ పిల్లలకి వేరేవాళ్ళు నిలబెట్టి, లైటు కింద, అందరూ చూస్తుండగా బట్ట తొడిగేది ఆ ఒక్కరోజే. అందుకే కాబోలు మన పిల్ల కుదురుగా నిలబడలేకపోయింది. పంతులమ్మ హుడ్డు దించుతుంటే దీని చెయ్యి దానంతటదే వెనక్కి పోతోంది, మడత సరిచెయ్యడానికి. ఆవిడ టక్కున ఆ చేతిమీద ఒక్కటిచ్చింది. నిజంగా కొట్టిందండీ, మెల్లగా. హాలంతా నవ్వు. తర్వాత ఆవిడే రెండు వేళ్ళతో ముఖమల్ అంచు తిరగేసి, అస్తరు బయటికి లాగి, ఓ అడుగు వెనక్కివేసి చూసి, మళ్ళీ వచ్చి ఎడమవైపు అరంగుళం సర్దింది. వెనక ఎంతమంది నిలబడ్డారో ఆవిడకి పట్టలేదు. పని తెలిసినవాళ్ళ చెయ్యి వేరు.

వాళ్ళ నాన్న వీడియో తీస్తానని ఫోను ఎత్తాడు, తీరా చూస్తే తన ముఖమే రికార్డయింది. అది బాగుంది నన్నడిగితే. మూడేళ్ళు ఎంబీఏ అని తల ఊపినాయన ముక్కు ఎర్రగా చేసుకుని ఎలా కూర్చున్నాడో అందులో ఉంది. ఆ బడిలోనే డిగ్రీ చదివిన పాల్ టాజ్‌వెల్‌కి 2025లో వికెడ్ సినిమా బట్టలకి ఆస్కార్ వచ్చిందని ఎవరో చెప్పేసరికి మరీ వెలిగిపోయాడు. మొన్న గుళ్ళో అడక్కుండానే అందరికీ చెప్తున్నాడట.

ఆవిడ మాత్రం నాకు రహస్యంగా ఒకటి చెప్పింది. మీరెవరికీ చెప్పకండి, చెప్తారని తెలుసనుకోండి. వాళ్ళ తాతగారు తెనాలిలో నాటకాలకి కిరీటాలు, భుజకీర్తులు అద్దెకిచ్చేవారట. పెళ్ళిచూపుల్లో ఆ మాట దాచి వ్యాపారం అని చెప్పారట. పిల్లకి ఆ సంగతి తెలిశాక అమ్మమ్మని ఫోన్లో పీక్కుతింది, భుజకీర్తి వెనక తాడు చంకలోంచి పోయేదా, వీపు మీదుగానా అని. ఆవిడకేం గుర్తుంటుంది? చిన్నప్పుడు అద్దం పెంకులు అతికించేవాళ్ళం, అంతే అంది.

పట్టా వచ్చిన వారానికి వెళ్ళి చూద్దును కదా, భోజనాల బల్లమీద హుడ్డు విప్పదీసి పెట్టుకుంది. కుట్లన్నీ ఊడదీసింది. మిషను కుట్టు బాలేదు, అస్తరు గుడ్డ నాసిరకం, చేత్తో మళ్ళీ కుడతాను అంటుంది. వాళ్ళమ్మ లబోదిబో. అస్తరు మూల పసుపు మరక చూసి ఇదేమిటి అని పిల్ల అడిగితే, ఆవిడ చెంబు పట్టుకుని తులసికోట దగ్గరికి వెళ్ళిపోయింది.

నేను సందు చూసుకుని నా జాకెట్టు గుడ్డ, ఆది జాకెట్టు పట్టుకెళ్ళిచ్చాను. ఊరికే ఉండటమెందుకు? ఆ పిల్ల ఆది జాకెట్టు బల్లమీద పరిచింది. తర్వాత నన్ను నిలబెట్టి వెనకనుంచి చూసింది. పెద్దమ్మా, మీ ఎడమ భుజం కుడిదానికన్నా కిందికుంటుంది, అందుకే మీకెప్పుడూ జాకెట్టు ఆ వైపు జారుతుంది, అంది. ఇన్నేళ్ళు మన బ్రాడీపేట టైలరు చెప్పలేదండీ ఆ మాట! ఏదీ, చూడండి, నిజమేనా? అంత తేడా ఉందా?

అదిగో, మీ కుక్కరు. మూడో కూత అనుకుంటా, వెళ్ళి ఆపేసి రండి. జాకెట్టా? ఇంకా ఎక్కడ. నిన్న ఫోన్ చేసి ఎంతవరకు వచ్చిందే అని అడిగితే, ఏదో నాటకానికి నలభై కోట్లు కుడుతున్నానంది. కోట్లంటే రూపాయలు కాదు, తొడుక్కునేవి. అవయ్యాక ఇచ్చేస్తా పెద్దమ్మా, వచ్చే వారం, గ్యారంటీ, అంది.