బావిలోకి మనిషిని దించకముందు

ఒక తప్పును ఒప్పుకొని ఈ మాట ప్రారంభిస్తాను. కొన్నేళ్ళ క్రితం దాచేపల్లిలో మా మద్రసా వెనుకనున్న పాత బావిలో నీటి మోటారు తాడు తెగి అడుగుకు జారిపోయింది. సెలవులు ముగిసి పిల్లలు వస్తున్నారు. వుజూకు నీళ్ళు లేవు. బావి పనులు చేసే ఒక కూలీని పిలిపించి, ‘దిగి చూడు’ అన్నది నేనే. నడుముకు తాడు కట్టామన్న ధీమా తప్ప, లోపలి గాలి ఎలా ఉన్నదన్న ఆలోచన నాకు రాలేదు. నీటిని చేరకముందే అతని మాట ఆగిపోయింది. నలుగురం కలిసి పైకి లాగాము. అల్లాహ్ దయవల్ల బతికాడు. షరీఅత్ ఉద్దేశాలలో ప్రాణరక్షణ ఒకటని ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన నేను, బావిగట్టు మీద ఆ పాఠాన్నే మరచిపోయాను.

గత ఏడాది మా ఆపా కుమారుడు, పాలిటెక్నిక్ విద్యార్థి, నీటి అడుగున తిరిగే యంత్రాన్ని తయారు చేస్తానని వచ్చాడు. ‘చదువు మాని ఈ బొమ్మలెందుకు?’ అన్నాను. ‘మామూ, కచ్చులూరు గుర్తులేదా?’ అన్నాడు.

ఎలా మరువగలను? 2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి బయలుదేరిన పడవ కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగిపోయింది. సుడులు, లోతు, బురదనీరు గాలింపుకు అడ్డుపడ్డాయి. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లతో, తాళ్ళతో శ్రమించి అక్టోబరు 22న దానిని ఒడ్డుకు చేర్చింది. అంతవరకు కొన్ని కుటుంబాలు తమవారి కడచూపు కోసం ఎదురుచూశాయి. జనాజాను ఆలస్యం చేయరాదని బోధించే నాకు ఆ నిరీక్షణ ఎంత బరువైనదో తెలుసు. ఇక కాదనలేకపోయాను.

యంత్రం చూడటానికి సాదాసీదాగా ఉంటుంది. ప్లాస్టిక్ గొట్టాలతో ఒక చట్రం, పడవల అడుగున చేరే నీటిని తోడే చిన్న మోటార్లు మూడు, వాటికి రెక్కలు, 12 వోల్టుల బ్యాటరీ, కెమెరా, దీపం. రేడియో తరంగాలు నీటిలో ఎక్కువ దూరం పోలేవు గనుక పొడవాటి తీగ ద్వారానే ఆజ్ఞలు వెళ్ళాలి, దృశ్యం రావాలి. మొదటిసారి తొట్టిలో వేస్తే అది మునగనే లేదు. గొట్టాలలోని గాలి దానిని తేల్చివేసింది. రంధ్రాలు చేస్తే నీరు నిండి లోపలికి దిగింది. మోటార్లు ఆగిపోయినా దానంతట అదే పైకి తేలేటట్లు కొద్దిపాటి థర్మాకోల్ అమర్చాడు. రెండవసారి కెమెరా పెట్టెలోకి నీరు చేరింది. ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం అదనంగా పెరుగుతుందని అప్పుడు నాకు వివరించాడు. కెమెరా పాడైంది, నెల రోజులు ఆగి మరొకటి కొన్నాడు.

ఆ నెలలోనే బనూ మూసా సోదరుల గురించి వాడికి చెప్పాను. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులో నివసించిన ఈ ముగ్గురు అన్నదమ్ములు ‘కితాబుల్ హియల్’ అనే గ్రంథంలో దాదాపు వంద యంత్రాలను వర్ణించారు. నీటి అడుగున ఉన్న వస్తువులను పట్టి పైకి తీసే సాధనం అందులో ఉంది. చెడుగాలి నిండిన బావులలో పనిచేసేవారు ఊపిరి పీల్చుకునే సాధనమూ ఉంది. నేను చదివిన అరబీలోనే రాసిన గ్రంథమది. అయినా కూలీని దింపిన రోజున అది నా తలపులోకి రాలేదు.

ఈ వేసవిలో బావి పూడిక తీయాలన్న మాట వచ్చింది. ముందు యంత్రాన్ని దించాము. అది అడుగును తాకగానే బురద లేచి తెర అంతా తెల్లబడింది. కదపకుండా చాలాసేపు వేచి ఉన్నాము. మెల్లగా ఒక రాతి మెట్టు, దాని పక్కన పాత మోటారు, తెగిన తాడు కనిపించాయి. తెర చూస్తూ పైనుండి కొక్కెం వదిలితే నాలుగవ ప్రయత్నంలో తగులుకొన్నది. ఎవరూ బావిలో దిగలేదు.

ఆనాటి కూలీ కూడా వచ్చి మా వెనుక నిలబడి చూశాడు. ‘మౌల్వీసాబ్, ఆ రోజు నేను అంత కిందికి పోయేవాణ్ణా?’ అని అడిగాడు. జవాబు చెప్పలేకపోయాను. అతన్ని క్షమించమని అడిగాను.

ఈ యంత్రం అడుగును చూపుతుంది గానీ లోపలి గాలి సంగతి చెప్పదు. అందువల్ల గాలిని పరీక్షించే ఏర్పాటు జరిగేవరకు పూడిక పని ఆపివేశాము. బావిపై ఇనుప జాలీ బిగించాము. తాళంచెవి నా వద్దే ఉంది.